కాఫీ నీళ్లకు టీడీఎస్ చూసి మోసపోకండి, ఆల్కలినిటీ కొలవండి

కాఫీ బాగా రావాలని గింజలు ఏరికోరి కొనుక్కుని, గ్రైండర్ మీదా మెషిన్ మీదా ఎంతైనా ఖర్చు పెట్టేవాళ్లు కూడా నీళ్ల దగ్గరికొచ్చేసరికి "తాగే నీళ్లే కదా, చాల్లే" అని ఊరుకుంటారు. తాగడానికి బాగుండటం వేరు, కాఫీకి పనికిరావడం వేరు. ఫిల్టర్ మీద పోసి చేసిన కాఫీలో 98 శాతానికి పైగా నీళ్లే, ఎస్ప్రెసోలో కూడా దాదాపు 90 శాతం నీళ్లే. పైగా మెషిన్ లోపల బాయిలర్‌లో, పైపుల్లో, వాల్వుల్లో రోజూ తిరిగేది ఆ నీళ్లే కాబట్టి కప్పులో రుచి, మెషిన్ ఆయుష్షు రెండూ అక్కడే తేలిపోతాయి. అందుకే కొత్త గ్రైండర్ కొనమంటావా అని ఎవరైనా నన్నడిగితే, ముందు మీ నీళ్ల ఆల్కలినిటీ (ఆమ్లాన్ని విరగ్గొట్టే శక్తి) ఎంతో కనుక్కోండి, గ్రైండర్ సంగతి తర్వాత చూద్దాం అంటాను.

టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం, ఎంత అంటే చాలామంది టక్కున చెప్పేస్తారు. ఆల్కలినిటీ ఎంత అంటే చెప్పగలిగేవాళ్లు అరుదు. నాకు పేచీ ఇక్కడే. టీడీఎస్ మీటరు నీళ్లలో ముంచగానే అంకె చూపిస్తుంది, వాడటం తేలిక, అందుకే దాని మీద అంత నమ్మకం. కానీ అది లోపల ఏం కరిగి ఉందో చూడదు. నీళ్లలోంచి కరెంటు ఎంత తేలిగ్గా పోతోందో కొలిచి, దాన్నొక గుణకంతో హెచ్చించి పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు) అని చూపిస్తుంది, అంతే. ఒక గిన్నెలో కాల్షియం బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్లు, ఇంకో గిన్నెలో మామూలు ఉప్పు కరిగిన నీళ్లు పెట్టి రెండింటికీ మీటరు 150 చూపించేలా చేయొచ్చు. మొదటి నీళ్లు బాయిలర్‌కి గార (తెల్లటి సున్నపు పొర) పట్టిస్తాయి, కాఫీని చప్పగా చేస్తాయి. రెండో నీళ్లు గార పట్టించవు గానీ, వాటిలో ఉన్న క్లోరైడ్ స్టెయిన్‌లెస్ స్టీలుకి సన్నసన్నగా గుంటలు పెట్టి తినేస్తుంది. మీటరుకి రెండూ ఒకటే. అలాంటి అంకె చూసి మెషిన్‌లో నీళ్లు పోయాలా వద్దా అని ఎలా తేల్చుకుంటాం?

చిన్నప్పుడు బళ్లో చదువుకున్న కఠిన జలం పాఠం ఇక్కడ పనికొస్తుంది. కాల్షియం, మెగ్నీషియం కలిపి కాఠిన్యం. బైకార్బొనేట్ ఎంతుందో చెప్పేది ఆల్కలినిటీ, అంటే ఆమ్లం కలిస్తే దాన్ని విరగ్గొట్టే శక్తి నీళ్లకు ఎంతుందన్న లెక్క. మన తాగునీళ్లలో ఈ శక్తి దాదాపు అంతా బైకార్బొనేట్ వల్లే వస్తుంది. రెంటినీ కాల్షియం కార్బొనేట్‌కి సమానంగా లెక్కగట్టి లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని చెప్తారు కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. నేను కింద చెప్పే కాఠిన్యం, ఆల్కలినిటీ అంకెలన్నీ ఆ లెక్కలోవే. పీహెచ్ మాత్రం వేరే విషయం, దాంతో కలిపేసుకోవద్దు. పీహెచ్ ఒకటే ఉన్న రెండు నీళ్లలో ఒకదాని ఆల్కలినిటీ 30, ఇంకోదానిది 250 ఉండొచ్చు, కాఫీ పోసి చూస్తే ఆ రెండూ ఒకే గింజలంటే నమ్మలేం.

ఎందుకంటే కాఫీలో మనకు నచ్చే ఆ చురుకుదనం, పండ్ల వాసన తగిలే ఆ పులుపు అంతా ఆమ్లాలదే. సిట్రిక్, మాలిక్, క్వినిక్, క్లోరోజెనిక్ లాంటివి. బైకార్బొనేట్ ఆ ఆమ్లాల మీద పడి వాటిని విరిచేస్తుంది. లీటరుకు 40 మిల్లీగ్రాములుంటే కాస్త అదుపు చేసి వదిలేస్తుంది, 200 ఉంటే గింజలో ఉన్న ప్రత్యేకతను తుడిచిపెట్టేస్తుంది, అటుపైన నాలుక మీద సుద్ద రాసినట్టు ఒక మొద్దు రుచి మిగులుతుంది. లైట్ రోస్ట్ గింజలైతే తేడా మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. డార్క్ రోస్ట్‌లో ఆమ్లాలు ఎలాగూ తక్కువ కాబట్టి కొంచెం ఎక్కువ ఆల్కలినిటీ ఉన్నా తట్టుకుంటుంది, పాలు పోసుకుంటే ఇంకా తట్టుకుంటుంది. ఖరీదైన గింజలు తెచ్చుకుని, రోస్టర్‌ని తప్పుబట్టి, గ్రైండ్ సైజు మార్చి మార్చి విసిగిపోయినవాళ్ల నీళ్లు కొలిచి చూస్తే చాలాసార్లు బయటపడేది ఈ బైకార్బొనేటే.

నా మాట నమ్మక్కర్లేదు, ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1.68 గ్రాముల వంట సోడా కలపండి, అది ఆల్కలినిటీ సరిగ్గా 1000 ఉన్న చిక్కటి ద్రావణం అవుతుంది. మంచి నీళ్లతో కాఫీ చేసి రెండు కప్పుల్లో వంద మిల్లీలీటర్ల చొప్పున పోయండి. ఒకదాన్లో ఈ ద్రావణం పది మిల్లీలీటర్లు, రెండోదాన్లో ఉత్త నీళ్లు పది మిల్లీలీటర్లు పోసి కలిపి, ఏది ఏదో తెలియకుండా ఎవరినైనా కప్పులు అటూ ఇటూ మార్చమని తాగి చూడండి. సోడా పడిన కప్పులో ఆల్కలినిటీ సుమారు 90 పెరుగుతుంది, అంతే. కాఫీ అదే, గ్రైండర్ అదే, చేసిన చెయ్యి కూడా అదే. మొదటి గుక్కలోనే ఆ కప్పులో ప్రాణం పోయినట్టు తెలిసిపోతుంది. దీన్ని ఒక్కసారి రుచి చూసినవాళ్లకు నేను ఇంకేం వాదించక్కర్లేదు.

స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ వాళ్లు చెప్పే కొలతల్లో ఆల్కలినిటీ 40 దగ్గర, కాల్షియం కాఠిన్యం 17 నుంచి 85 లోపు, టీడీఎస్ 150 దగ్గర (75 నుంచి 250 వరకూ ఫర్వాలేదంటారు), పీహెచ్ 7, సోడియం 10, క్లోరిన్ అసలుండకూడదు అని ఉంటుంది. ఈ వరసలో అందరూ పట్టుకున్నది 150, నన్నడిగితే పట్టుకోవాల్సింది 40.

మరి మెగ్నీషియం మాటేమిటి అంటారు. 2014లో రసాయన శాస్త్రవేత్త క్రిస్టఫర్ హెండన్, ఆయన సహరచయితలు కలిసి కాల్షియం, మెగ్నీషియం, సోడియం అయాన్లు కాఫీలోని ఆమ్లాలతో, వాసన పదార్థాలతో ఎంత గట్టిగా పట్టుకుంటాయో కంప్యూటర్ మీద లెక్కగట్టి ఒక పరిశోధన పత్రం వేశారు. మెగ్నీషియం ఎక్కువ సారాన్ని లాగగలదన్న మాట అప్పట్నుంచి బాగా ప్రచారంలోకి వచ్చింది, మెగ్నీషియం కలిపే ఫిల్టర్ కార్ట్రిడ్జ్‌లు కూడా వచ్చాయి. ఆ పరిశోధన మీద నాకు గౌరవమే. కానీ ఆ పత్రం కూడా బైకార్బొనేట్ ఆమ్లాలను అణచేస్తుందన్న విషయాన్ని పక్కన పెట్టలేదు, చదివినవాళ్లే దాన్ని వదిలేసి మెగ్నీషియం వెంట పడ్డారు. ఆల్కలినిటీ ఒకేలా ఉంచి మెగ్నీషియం 40 నుంచి 80కి మార్చి తాగితే తేడా ఉంటుంది, శ్రద్ధగా తాగితే దొరుకుతుంది. మెగ్నీషియం అలాగే ఉంచి ఆల్కలినిటీ 40 నుంచి 80కి మారిస్తే శ్రద్ధ పెట్టకపోయినా తెలుస్తుంది. ముందు సరిచేయాల్సింది ఏదో ఇక్కడే తేలిపోతోంది.

ఇక మెషిన్ లోపలికి వెళ్దాం. కాల్షియం, బైకార్బొనేట్ రెండూ ఉన్న నీళ్లు వేడెక్కితే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. చక్కెర వేడినీళ్లలో ఎక్కువ కరుగుతుంది, ఇది దానికి పూర్తిగా ఎదురు, నీళ్లు ఎంత వేడెక్కితే అంత తక్కువ కరుగుతుంది. అందుకే గార నేరుగా వేడి ఎక్కువున్న చోటికే పోయి పడుతుంది, అంటే హీటింగ్ కాయిల్ మీదకి. గార వేడిని సరిగ్గా పోనివ్వదు కాబట్టి కాయిల్ లోపల్లోపలే మాడిపోతుంది, టెంపరేచర్ సెన్సర్ మీద పొర కట్టిందంటే మెషిన్ ఒక వేడి అనుకుంటుంది, నీళ్లు ఇంకో వేడిలో ఉంటాయి. లీటరుకు 100 మిల్లీగ్రాములు గారగా పడుతున్నాయనుకుందాం, రోజుకి రెండు లీటర్లు వాడితే ఏడాదికి 73 గ్రాములు. అరచేతి నిండా తెల్లటి పెంకులు. ఎస్ప్రెసో మెషిన్‌లో నీటి వేగాన్ని అదుపు చేసే ఇత్తడి జెట్ రంధ్రం మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటుంది, ఆ 73 గ్రాముల్లోంచి ఇసుక రేణువంత ముక్క ఊడి అక్కడ అడ్డం పడినా ఆ గ్రూపులో (కాఫీ పొడి మీదకి నీళ్లు వదిలే భాగంలో) నీళ్లు రావు.

గార పట్టిన బాయిలర్‌ని విప్పి చూసినవాళ్లకు ఆ దృశ్యం మరిచిపోవడం కష్టం. కాయిల్ ఆకారం కనపడదు, బూడిదరంగు తెలుపులో గరుకుగా ఉబ్బిన ఒక ముద్ద ఉంటుంది, వేలితో గీకితే పైపొర పిండిలా రాలుతుంది, కింద పొర మాత్రం రాయి. గోడల మీద ఊడి పడిన పెంకులు అడుగున పోగై ఉంటాయి. బయట స్టీలు మాత్రం మిలమిల మెరుస్తూ ఉంటుంది, అక్కడే జనం మోసపోయేది.

అన్నిట్లోకీ స్టీమ్ బాయిలర్ పరిస్థితి ఘోరం. ఆవిరిలో లవణాలు పోవు, నీళ్లు మాత్రమే పోతాయి, ఉన్న లవణాలన్నీ లోపలే ఉండిపోయి, పోయిన నీళ్ల స్థానంలో వచ్చే కొత్త నీళ్లు ఇంకాసిని తెచ్చిపెడతాయి. లీటరు పట్టే బాయిలర్ పది లీటర్ల నీళ్లను ఆవిరిగా పంపిందంటే ఆ పది లీటర్లలో ఉన్నదంతా ఆ ఒక్క లీటరులోనే చిక్కబడుతుంది. వేడినీళ్ల కుళాయి ఉన్న మెషిన్ అయితే రోజూ ఒక కప్పో రెండు కప్పులో అందులోంచి తీసి పారబోస్తే చిక్కదనం కాస్త తగ్గుతుంది. పైసా ఖర్చు లేని పని, అయినా చేసేవాళ్లు తక్కువ.

గార భయం పట్టుకున్నవాళ్లు వెంటనే ఆర్‌ఓ నీళ్లకో డిస్టిల్డ్ వాటర్‌కో మారిపోతారు, మీటరు 5 చూపిస్తే హమ్మయ్య అనుకుంటారు. ఈ మొగ్గు కూడా ప్రమాదమే. ఆర్‌ఓ పొర లవణాలను ఆపుతుంది గానీ కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ని ఆపలేదు, దాన్ని తట్టుకునే బైకార్బొనేట్ ఇప్పుడు లేదు, దాంతో పీహెచ్ పడిపోతుంది, ఆ నీళ్లు రాగిని, ఇత్తడిని కొరుకుతూ పోతాయి. ఇంకో చిక్కు, చాలా మెషిన్లలో బాయిలర్ నిండిందో లేదో తెలుసుకోవడానికి ఒక లోహపు పుల్ల ఉంటుంది, నీళ్లు తగిలి కరెంటు పారితేనే దానికి తెలుస్తుంది, నీళ్లలో లవణాలే లేకపోతే అది కనిపెట్టలేక నింపుతూనే ఉండొచ్చు. రుచి సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆమ్లాలను కొంచెమైనా అదుపు చేసేది ఏదీ లేక కాఫీ పదునుగా, పుల్లగా, డొల్లగా వస్తుంది. అంతా తీసేయడం శుద్ధి అనుకోవడం తాగునీటి అలవాటు, కాఫీ దగ్గర అది పనిచేయదు.

నీళ్లు గార పెడతాయా, ఉన్న గారని కరిగించుకుంటాయా అన్న లెక్క కొత్తదేం కాదు. 1936లో విల్‌ఫ్రెడ్ లాంగెలియర్ ఊరి నీటి పైపుల కోసం వేసిన సూచీ ఇప్పటికీ వాడుకలో ఉంది. పీహెచ్, కాల్షియం, ఆల్కలినిటీ, టీడీఎస్, వేడి, ఈ ఐదూ కలిపితే ఆ సూచీ. ఐదింటిలో ఒక్క టీడీఎస్‌ని పట్టుకుని తీర్పు చెప్పడం ఎంత తక్కువ సమాచారంతో చెప్పడమో దీన్నిబట్టే తెలుస్తుంది, అందులోనూ ఐదింటిలో దాని ప్రభావమే తక్కువ.

కొలవడం కష్టమేం కాదు. చేపల తొట్టెలవాళ్లు వాడే జీహెచ్, కేహెచ్ చుక్కల కిట్ చాలు, జీహెచ్ అంటే కాఠిన్యం, కేహెచ్ అంటే మనక్కావలసిన ఆల్కలినిటీ. చిన్న గాజు గొట్టంలో గీత దాకా 5 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, కేహెచ్ ద్రావణం ఒక్కో చుక్కే వేసి మూతపెట్టి తిప్పాలి. నా దగ్గరున్న కిట్‌లో నీళ్లు ముందు నీలంగా మారతాయి, చుక్క మీద చుక్క పడుతుంటే ఒక దగ్గర ఉన్నట్టుండి పసుపుపచ్చగా తిరిగిపోతాయి. అప్పటిదాకా పడిన చుక్కల్ని 17.8తో హెచ్చిస్తే ఆల్కలినిటీ. 11 చుక్కలు పడ్డాయంటే సుమారు 196. అంకె చిన్నగా ఉంటుందనుకుంటే 10 మిల్లీలీటర్లు తీసుకోండి, అప్పుడు ఒక్కో చుక్క సగం లెక్క. సీసా నీళ్లయితే లేబుల్ చాలు: బైకార్బొనేట్ అంకెని 0.82తో హెచ్చిస్తే ఆల్కలినిటీ వస్తుంది, కాల్షియాన్ని 2.5తో, మెగ్నీషియాన్ని 4.1తో హెచ్చించి కలిపితే కాఠిన్యం.

అంకెలు చేతికొచ్చాక, నాకు అన్నిటికన్నా నచ్చే మార్గం కలుపుకోవడం. కుళాయి నీళ్ల ఆల్కలినిటీ 200, కాఠిన్యం 300 అనుకుందాం. ఒక గ్లాసు ఆ నీళ్లకి నాలుగు గ్లాసులు ఆర్‌ఓ నీళ్లు కలిపితే ఆల్కలినిటీ సుమారు 40, కాఠిన్యం సుమారు 60. క్లోరైడ్ ఉంటే అదీ ఐదో వంతుకు పడిపోతుంది. ఏ పొడులూ కొనక్కర్లేదు. ఆర్‌ఓ యంత్రానికి కొంత కుళాయి నీటిని నేరుగా కలిపే బైపాస్ వాల్వు ఉంటే ఈ పని అదే చేసిపెడుతుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన ఉంటే మాత్రం ముందు యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపి తర్వాత కలపాలి.

మెత్తబరిచే సాఫ్ట్‌నర్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అనేవాళ్లుంటారు. ఉప్పుతో శుభ్రపరిచే ఆ మామూలు సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసుకుని సోడియం ఇస్తుంది. గార ఆగుతుంది, నిజమే. కానీ బైకార్బొనేట్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, 200 ఆల్కలినిటీ 200గానే కాఫీలోకి దిగుతుంది. మెషిన్ బతుకుతుంది, కాఫీ బతకదు. అదే కార్ట్రిడ్జ్ రకాల్లో సోడియం బదులు హైడ్రోజన్ ఇచ్చేవి వేరే ఉన్నాయి, జగ్గు ఫిల్టర్లలో చాలావాటిలో ఉండేది ఈ రకమే. ఆ హైడ్రోజన్ బైకార్బొనేట్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్, నీళ్లుగా మారిపోతుంది కాబట్టి కాఠిన్యం, ఆల్కలినిటీ రెండూ కలిసి దిగుతాయి. ఇది సరైన పని. నీళ్లు ఓ మోస్తరు గట్టివైతే ఇదొక్కటే చాలు.

ఏమీ కొనలేని చోట మరిగించడం కూడా పనికొస్తుంది. ఐదు పది నిమిషాలు బాగా మరిగించి, చల్లారాక అడుగున తెల్లగా దిగిన మడ్డి కదలకుండా పైన తేటనీళ్లు వంపుకుంటే తాత్కాలిక కాఠిన్యం, అంటే బైకార్బొనేట్‌తో జతగా ఉన్నది, చాలావరకూ పోతుంది, దాంతోపాటే ఆల్కలినిటీ కూడా. ఒక్క షరతు, ఆల్కలినిటీ కాఠిన్యం కన్నా ఎక్కువున్న నీళ్లలో ఆ ఎక్కువ భాగం సోడియంతో ఉంటుంది, అది ఎంత మరిగించినా దిగదు.

సొంతంగా తయారుచేసుకోవాలంటే, పైన చెప్పిన వంట సోడా ద్రావణం ఒక సీసాలో, లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి 2.46 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్, ఆహారానికి పనికొచ్చే రకమే తీసుకోండి) కలిపిన ద్రావణం ఇంకో సీసాలో పెట్టుకోండి. రెండో ద్రావణం కాఠిన్యం కూడా 1000. సోడాది 40 మిల్లీలీటర్లు, ఎప్సమ్‌ది 70 మిల్లీలీటర్లు తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో లీటరు చేస్తే ఆల్కలినిటీ 40, కాఠిన్యం 70. కెటిల్‌తో పోసి చేసే కాఫీకి ఇంతకన్నా ఏం కావాలి. స్టీమ్ బాయిలర్ ఉన్న ఎస్ప్రెసో మెషిన్‌కి మాత్రం నేను ఇంకా సాదాగా పోతాను: లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి 100 మిల్లీగ్రాముల పొటాషియం బైకార్బొనేట్, ఇంకేం వద్దు. ఆల్కలినిటీ 50, కాఠిన్యం సున్నా. కాల్షియమే లేదు కాబట్టి గార పట్టే ప్రశ్నే లేదు, బైకార్బొనేట్ ఉంది కాబట్టి లోహం కొరుక్కుపోదు, లెవెల్ పుల్లకి కరెంటు అందుతుంది. పొటాషియం అంటే భయపడేవాళ్ల కోసం, లీటరుకు అది 39 మిల్లీగ్రాములు, ఒక కప్పు కాఫీలో గింజల నుంచి వచ్చేదే అంతకన్నా ఎక్కువ. కాఠిన్యం సున్నా అయితే రుచి రాదన్న వాదన కూడా విన్నాను, ఆల్కలినిటీ సరిగ్గా ఉన్న ఈ నీళ్లతో చేసిన ఎస్ప్రెసో తాగాక ఆ వాదన మీద నాకు నమ్మకం పోయింది.

గార పట్టాక నిమ్మ ఉప్పుతో కడిగేస్తే పోతుంది కదా, ఇంత తతంగం దేనికి అనేవాళ్లకి నా జవాబు: కెటిల్‌కైతే కడగండి. లీటరు గోరువెచ్చని నీళ్లలో 15 నుంచి 20 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి అరగంట ఉంచి కడిగేస్తే అద్దంలా వస్తుంది. లోపల ఏం జరుగుతుందో కనపడని మెషిన్ వేరు. ఆమ్లం గారనొక్కదాన్నే తినదు, ఇత్తడిని, అల్యూమినియాన్ని కూడా కాస్త తింటుంది. సగం కరిగి ఊడిన పెంకులు ఆ సన్నటి జెట్ దగ్గరికే కొట్టుకుపోతాయి. నిమ్మ ఉప్పు మరీ చిక్కగా కలిపి బాగా వేడి చేస్తే కాల్షియం సిట్రేట్ అనే ఇంకో తెల్ల మడ్డి దిగుతుంది, దాన్ని వదిలించడం మరీ కష్టం. ఏడాదికోసారి మెషిన్‌కి ఆమ్లం పట్టించాల్సి వస్తోందంటే ఆ ఏడాదంతా అందులో పోసిన నీళ్లు తప్పువి.

చివరగా కార్ట్రిడ్జ్ వాడేవాళ్లకి ఒక మాట. ఎన్ని నెలలు, ఎన్ని లీటర్లు అని డబ్బా మీద రాసింది ఒక సగటు నీళ్లకి వేసిన లెక్క, మీ నీళ్లు అంతకన్నా గట్టివైతే ముందే అయిపోతుంది. వానలు పడ్డాక, ఎండలు ముదిరాక నీటి వనరు మారితే అంకెలు కూడా మారిపోతాయి. కొత్తది పెట్టిన రోజు కేహెచ్ ఎన్ని చుక్కలకి తిరిగిందో దాని మీదే రాసి పెట్టుకుని, అప్పుడప్పుడూ ఒక గొట్టం పట్టి చూడండి. మూడు చుక్కలకి తిరిగేది ఐదారు చుక్కలు తాగుతోందంటే మార్చేయండి, డబ్బా మీద తేదీ ఇంకా మిగిలి ఉన్నా సరే.